బీపీ తగ్గిందని మాత్ర మానేయవచ్చా? పల్లెల్లో జరిగిన పరిశోధనలు ఏం చెబుతున్నాయి

ప్రశ్న:

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో కాలువ కింద ఉన్న ఒక పల్లె. మా నాన్నగారికి 52 ఏళ్ళు. నాలుగెకరాలు కౌలుకు చేస్తారు. ఆరు నెలల క్రితం ఊళ్ళో పెట్టిన వైద్య శిబిరంలో ఆయన బీపీ 172/106 ఉందన్నారు. అప్పటికి ఆయనకు తలనొప్పి గానీ కళ్ళు తిరగడం గానీ ఏమీ లేవు. శిబిరంలో ఇచ్చిన మాత్రలు నెల రోజులు వేసుకున్నాక చూపిస్తే 128/82 వచ్చింది. జబ్బు పోయిందని ఆయన మానేశారు. మా ఊరి ఆర్‌ఎంపీ గారు కూడా "వయసుకు వంద కలుపుకోవాలి, మీకు 150 దాకా ఉండొచ్చు, ఈ మాత్రలకు అలవాటు పడితే జీవితాంతం వదలవు" అన్నారు. పోయిన నెల మా బాబాయికి ఉన్నట్టుండి పక్షవాతం వచ్చింది. ఆయనకూ బీపీ ఉందని ఆసుపత్రికి వెళ్ళాకే తెలిసింది. అప్పటినుంచి నాకు భయంగా ఉంది. నాన్నగారేమో "ఒళ్ళు వంచి పనిచేసేవాడికి బీపీ ఏమిటి, అది కూర్చుని తినే పట్నం వాళ్ళ జబ్బు" అంటున్నారు. పల్లెల్లో బీపీ మీద పరిశోధనలు జరిగాయని చదివాను. అవి మాలాంటి వాళ్ళ గురించి ఏం చెబుతున్నాయి? నాన్నగారు మళ్ళీ మందులు మొదలుపెట్టాలా?

— ఒక పాఠకురాలు

సమాధానం:

మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మిగిలినవి ఆగుతాయి, అది ఆగదు. మీ నాన్నగారిని ఈ వారంలోనే మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళి, బీపీ సరిగ్గా చూపించి, డాక్టరు గారి సలహాతో మందు మళ్ళీ మొదలుపెట్టించండి. ఇంట్లో మిగిలిపోయిన పాత మాత్రలను మీకై మీరు వేయవద్దు. ఆరు నెలల్లో ఆయన బీపీ ఎక్కడికి చేరిందో, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో తెలుసుకున్నాకే ఏ మందు, ఎంత మోతాదు అన్నది నిర్ణయించాలి.

128/82 అన్న ఆ అంకెను మీ ఇంట్లో అందరూ జబ్బు నయమైనట్టుగా చదువుకున్నారు. నిజానికి అది మాత్ర పని చేస్తోందని చెప్పే అంకె. తూముకు పలక వేసి ఉంచినంతసేపే చేలోకి నీరు రాకుండా ఉంటుంది. నీరు ఆగింది కదా అని పలక తీసేస్తే ఏమవుతుందో మీ నాన్నగారికి నేను చెప్పనక్కర్లేదు. బీపీ మందులు చాలావరకు అలాగే పనిచేస్తాయి. ఆమ్లోడిపిన్ వంటి మందు మానేసిన కొన్ని రోజులకు దాని ప్రభావం ఒంట్లోంచి పోతుంది, ఆ తరువాత ఒత్తిడి కొన్ని వారాల్లో పాత స్థాయికి చేరుతుంది. చేరుతున్నప్పుడు నొప్పి ఉండదు, నీరసం ఉండదు, పని ఆగదు. అందుకే మానేసినవారికి తాము తప్పు చేశామన్న అనుమానం కూడా రాదు. "అలవాటు పడితే వదలవు" అన్న మాటలో ఉన్న పొరపాటు కూడా ఇదే. ఈ మందులు మత్తు మందుల్లా మనిషిని పట్టుకునేవి కావు. ఎక్కువ మందిలో జీవితాంతం ఉండేది జబ్బు. అది ఉన్నంతకాలం మందు కావాలి. బరువు, ఉప్పు, మద్యం బాగా తగ్గించుకున్న కొందరిలో డాక్టరు గారు మోతాదు తగ్గించగలుగుతారు, అరుదుగా ఆపగలుగుతారు కూడా. కానీ అది వరుసగా నెలల తరబడి అంకెలు చూసి చేసే పని, ఒక్క మంచి అంకె చూసి చేసే పని కాదు.

ఇక "పట్నం వాళ్ళ జబ్బు" అన్న మాట. మీరు అడిగిన పరిశోధనల్లో ఈ మాటకు నేరుగా జవాబిచ్చినది మీ జిల్లాల్లోనే జరిగింది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం అన్న పేరుతో జార్జ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాదులోని కేర్ ఫౌండేషన్, బైర్రాజు ఫౌండేషన్ వంటి సంస్థలు కలిసి 2003, 2004 సంవత్సరాల్లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాది పాటు జరిగిన ప్రతి మరణాన్నీ నమోదు చేశాయి. ఆ గ్రామాల జనాభా సుమారు 1,80,000. పల్లెలో చనిపోయినవారిలో ఎక్కువమందికి డాక్టరు రాసిన మరణ కారణం ఉండదు కాబట్టి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, చనిపోయే ముందు ఆ మనిషికి ఛాతీలో నొప్పి వచ్చిందా, మూతి వంకర పోయిందా, జ్వరం ఎన్నాళ్ళుంది, ఆయాసం ఉందా అని కుటుంబసభ్యులను ఓపికగా అడిగి రాసుకున్నారు. ఆ రాతలను వైద్యులు చదివి కారణం నిర్ణయించారు. ఆ ఏడాది మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల జరిగినవి. అంటువ్యాధుల వల్ల పోయినవారు 12 శాతం. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవారిలో గుండెపోటుకూ పక్షవాతానికీ దాదాపు సమాన వాటా ఉంది. ఇరవై ఏళ్ళ క్రితమే, వరి పండించే ఈ డెల్టా పల్లెల్లో మనుషులను ఎక్కువగా తీసుకుపోతున్నది మలేరియా, అతిసారం కావన్నమాట. ఆ 45 గ్రామాల లెక్కను దేశంలోని ప్రతి పల్లెకూ అంటించలేం. డెల్టా కాస్త కలిగిన ప్రాంతం. కానీ మీ నాన్నగారు చెప్పేది మీ ఊరి గురించి కాబట్టి, దానికి ఈ లెక్క సరిపోతుంది.

దేశం మొత్తం మీద చూసినా అంతరం పెద్దదేమీ కాదు. భారత వైద్య పరిశోధన మండలి అన్ని రాష్ట్రాల్లోనూ లక్షకు పైగా జనాన్ని పరీక్షించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దవాళ్ళలో 35 శాతానికి పైగా అధిక రక్తపోటు కనిపించింది; పల్లెల వరకే తీసుకుంటే ముగ్గురిలో ఒకరు. పట్టణాల్లో ఇంకొంచెం ఎక్కువ, అంతే. ఒళ్ళు వంచి పనిచేయడం ఆరోగ్యానికి మంచిదే, అందులో సందేహం లేదు. అయితే పొలం పని రోజూ ఒకేలా ఉండదు. నాట్లప్పుడు, కోతలప్పుడు విపరీతంగా ఉంటుంది, మధ్యలో వారాల తరబడి ఉండదు, పైగా ఇప్పుడు దుక్కి ట్రాక్టరు మీద, కోత యంత్రం మీద, పొలానికి ప్రయాణం మోటారు సైకిలు మీద. దానికి తోడు తల్లి కడుపులో ఉన్నప్పుడు, చిన్నతనంలో సరైన తిండి దొరకని బిడ్డలకు పెద్దయ్యాక బీపీ వచ్చే అవకాశం ఎక్కువని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. కౌలు రైతుల, కూలీల ఇళ్ళలో పుట్టిన ఆ తరానికి ఇది వర్తించే సంగతి. బక్కగా ఉన్నవాడికి బీపీ రాదనుకోవడానికి ఆధారం లేదు.

"వయసుకు వంద కలుపుకోవాలి" అన్న లెక్క ఎప్పటిదో పాతది, ఎన్నో ఇళ్ళను ముంచింది. వయసుతో బీపీ పెరగడం మన సమాజాల్లో సాధారణం కావచ్చు, అంతమాత్రాన అది క్షేమం కాదు. 1988లో ప్రచురితమైన ఇంటర్‌సాల్ట్ అధ్యయనంలో 32 దేశాలకు చెందిన పదివేల మందిని పరీక్షించినప్పుడు, ఉప్పు దాదాపు వాడని బ్రెజిల్ అడవుల్లోని యానోమామి తెగవారి సగటు బీపీ సుమారు 95/61 ఉంది. అక్కడ వయసు పెరిగినా అది పెరగలేదు. అంటే పెరగడం శరీర ధర్మం కాదు, మనం బతికే తీరును బట్టి వచ్చేది. ఎంత పెరిగితే ఎంత ముప్పు అన్నదానికి కూడా గట్టి లెక్కే ఉంది. 61 అధ్యయనాల్లోని పది లక్షల మంది వివరాలను కలిపి 2002లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, 40 నుంచి 69 ఏళ్ళ మధ్యవారిలో పై అంకె 20 పెరిగిన ప్రతిసారీ పక్షవాతంతోనూ గుండెపోటుతోనూ చనిపోయే ముప్పు రెట్టింపు అవుతుంది, 115 నుంచి మొదలుపెట్టి. మీ నాన్నగారి 172 ను 132 తో పోల్చుకోండి: రెండు మెట్లు, అంటే నాలుగు రెట్ల ముప్పు. ఆయన ఒంట్లో ఏ బాధా లేకపోవడం ఈ లెక్కను మార్చదు. మీ బాబాయిగారికి కూడా ఆ ముందు రోజు వరకు ఏ బాధా లేదు కదా.

ఇంతవరకు చెప్పినది జబ్బు గురించి. కానీ పల్లెల్లో జరిగిన పరిశోధనలన్నీ చదివాక నాకు మరింత ముఖ్యమనిపించే విషయం వేరు. మన పల్లెల్లో లోపించినది మందు కాదు, రెండో నెల మాత్ర. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ వంటి మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు, బయట జన ఔషధి దుకాణాల్లో కొన్నా చాలా చవక. డాక్టరుకు తెలియని జబ్బు కాదు, దొరకని మందు కాదు. అయినా 2014లో వెలువడిన ఒక సమీక్షలో, భారతదేశంలో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే, పల్లెల్లో బీపీ ఉన్నవారిలో తమకు ఉందని తెలిసినవారు నాలుగో వంతు, అదుపులో ఉన్నవారు పదిమందిలో ఒక్కరు. శిబిరాలు పెడితే మొదటి లెక్క మెరుగుపడుతుంది. శిబిరం వెళ్ళిపోయాక రెండో లెక్క ఉన్నచోటే ఉంటుంది. మీ ఇంట్లో జరిగింది ఇదే. మీ నాన్నగారి మొండితనాన్ని తప్పుపట్టే ముందు, ఆయనకు 172 అని చెప్పి నెలకు సరిపడా మాత్రలిచ్చిన శిబిరం, రెండో నెల ఎక్కడికి రావాలో, మాత్ర ఎందుకు ఆపకూడదో చెప్పలేదని గమనించండి.

ఇది నా ఊహ కాదనడానికి మీ జిల్లాలోనే జరిగిన మరో అధ్యయనం ఉంది. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్లెట్లు ఇచ్చి, ఇంటింటికీ వెళ్ళి 40 ఏళ్ళు దాటినవారి బీపీ, ఇతర వివరాలు ఎక్కించి, ఎవరికి ఎంత ముప్పుందో అక్కడే లెక్కగట్టి, ఎక్కువ ముప్పున్నవారిని డాక్టరు దగ్గరికి పంపే ఏర్పాటు చేశారు. ఆశాలు ఆ పని చక్కగా చేశారు, వేలమందిని గుర్తించారు. కానీ 2019లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఈ ఏర్పాటు ఉన్న ఊళ్ళకూ లేని ఊళ్ళకూ మధ్య బీపీ అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎక్కువ ముప్పున్నవారిలో బీపీ అదుపులో ఉన్నవారు రెండుచోట్లా దాదాపు నలభై శాతమే. నిరాశ కలిగించే ఇలాంటి ఫలితాలను దాచకుండా ప్రచురించిన పరిశోధకులకు మనం రుణపడి ఉండాలి, ఎందుకంటే గుర్తించి పంపడంతో పని అయిపోదని అవే మనకు నేర్పాయి.

దీని పక్కన చైనా పల్లెల్లో జరిగిన ప్రయత్నాన్ని పెట్టి చూడండి. అక్కడ 326 గ్రామాల్లో 34,000 మందిని తీసుకుని, సగం ఊళ్ళలో గ్రామ వైద్యుల చేతికే చికిత్సను అప్పగించారు. వీరు మన దగ్గరి డాక్టర్లలా పెద్ద చదువులు చదివినవారు కారు. కొద్దిపాటి శిక్షణతో పల్లెలోనే ఉండేవారు. వారికి ఏ అంకెకు ఏ మందు, ఎప్పుడు మోతాదు పెంచాలి అన్న స్పష్టమైన పద్ధతి ఇచ్చారు, పై డాక్టర్ల పర్యవేక్షణ ఉంచారు, మందులు ఉచితంగానో తక్కువ ధరకో అందేలా చూశారు, ఇంట్లో చూసుకోవడానికి యంత్రాలిచ్చారు, నెలనెలా మనిషిని కలిశారు. ఏడాదిన్నర తిరిగేసరికి 130/80 లోపు వచ్చినవారు ఈ ఊళ్ళలో 57 శాతం, మామూలు చికిత్స సాగిన ఊళ్ళలో 20 శాతం. మూడేళ్ళకు గుండెపోటు, పక్షవాతం వంటివి మూడో వంతు తగ్గాయి. తరువాత చూస్తే మతిమరుపు జబ్బు కూడా 15 శాతం తగ్గింది. బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు మూడు నెలలకోసారి ఇంటికి వెళ్ళి బీపీ చూసి, మందులు వేసుకుంటున్నారా అని కనుక్కుని, అవసరమైతే డాక్టరుకు అప్పగించే ఏర్పాటు చేసినప్పుడు, రెండేళ్ళలో పై అంకె మిగతా ఊళ్ళకంటే 5 మిల్లీమీటర్లు (బీపీ అంకెల కొలత అదే) అదనంగా తగ్గింది. ఐదు అంటే చిన్నదిగా తోస్తుంది. 48 అధ్యయనాల్లోని మూడున్నర లక్షల మంది వివరాలను కలిపి చూస్తే, పై అంకె ఐదు తగ్గితే గుండె, రక్తనాళాల పెద్ద ప్రమాదాలు పదిశాతం తగ్గుతున్నాయి. అంటే ఒక్కొక్క అంకె తగ్గడం వెనుక ఎన్నో ఇళ్ళ క్షేమం ఉంది.

మన దేశంలో 2017 చివర్లో ఐదు రాష్ట్రాల్లోని 25 జిల్లాల్లో మొదలైన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఈ దారిలోనిదే. ఆ ఐదింటిలో తెలంగాణ ఒకటి. ప్రతి రాష్ట్రానికీ ఒకే చికిత్సా పద్ధతి, కేంద్రంలో మందు అయిపోకుండా నిల్వ, ప్రతి రోగికీ ఒక కార్డు, రానివారికి ఫోను: చెప్పుకోవడానికి ఇంత మామూలుగా ఉన్న ఈ పనులకే 2022లో ఐక్యరాజ్యసమితి పురస్కారం వచ్చింది. మీ ఊళ్ళో ఆ ఏర్పాటు పూర్తిగా ఉన్నా లేకపోయినా, మీ ఇంటివరకు దాన్ని మీరు చేయగలరు. మీరు చదువుకున్నారు, అక్షరం ముక్క రాయగలరు, తేదీ గుర్తుంచుకోగలరు. ఒక చిన్న పుస్తకంలో తేదీ, రెండు అంకెలు, ఏ మాత్ర, ఎన్ని మిగిలాయి అన్నవి రాస్తూ వెళ్ళండి. మాత్రలు అయిపోయిన రోజు కాదు, వారం రోజులకు సరిపడా మిగిలి ఉండగానే మళ్ళీ తెచ్చుకోవాలి. నాట్లు, కోతలు ఉన్న నెలల్లో ఒకేసారి రెండు నెలలకు ఇవ్వగలరేమో అడగండి. మాత్రను పళ్ళు తోముకోవడం, ఉదయం టీ వంటి ఏదో ఒక నిత్యకృత్యానికి ముడిపెట్టండి. ఉపవాసమున్నా, ఊరికి వెళ్ళినా, ఆ రోజు "బాగానే ఉంది" అనిపించినా వేసుకోవలసిందే.

బీపీ చూసే పద్ధతిలో కూడా శ్రద్ధ కావాలి, ఎందుకంటే పొలం నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చినవారిని నిలబెట్టి, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి చూసిన అంకెకు విలువ లేదు. అరగంట ముందునుంచి టీ, కాఫీ, చుట్ట, బీడీ ఉండకూడదు. మూత్రానికి వెళ్ళివచ్చి, వీపు ఆన్చి, పాదాలు నేలకు ఆన్చి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు రాయాలి. వేర్వేరు రోజుల్లో చూసినప్పుడు 140/90 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అది అధిక రక్తపోటే. ఇంట్లో చూసుకునే అంకెకు హద్దు 135/85. మీకు వీలైతే మోచేతి పైన పట్టీ చుట్టే యంత్రం కొనండి, మణికట్టుకు పెట్టేది వద్దు. నలుగురైదుగురు బంధువులు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది.

మందుల విషయంలో రెండు మాటలు ముందే తెలిస్తే మధ్యలో మానేయరు. ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి పాదాలు వాస్తాయి. అది మూత్రపిండాలు పాడైపోవడం వల్ల వచ్చిన వాపు కాదు, డాక్టరుకు చెబితే మోతాదు తగ్గిస్తారు లేదా మందు మారుస్తారు. ఎనలాప్రిల్ వంటివి కొందరికి పొడి దగ్గు తెస్తాయి, అప్పుడు టెల్మిసార్టాన్‌కు మారుస్తారు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున టెల్మిసార్టాన్ ఆపాలా అని డాక్టరును అడగండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది మూత్రపిండాలకు ఇబ్బంది చేయవచ్చు. చాలామందికి ఒక్క మందుతో బీపీ దిగదు, రెండు కావాలి. రెండో మందు రాశారంటే జబ్బు ముదిరిందని బెంగపడవద్దు.

ఇంకొక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. కోతల రోజుల్లో నడుము నొప్పికీ మోకాళ్ళ నొప్పికీ మన పల్లెల్లో వేయించుకునే ఇంజెక్షన్లు, కొనుక్కునే నొప్పి మాత్రలు, అంటే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి, బీపీని పెంచుతాయి, బీపీ మందు పని చేయకుండా అడ్డుపడతాయి, ఎండలో చెమటోడ్చి నీరసించిన మనిషి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. వాటితో కలిపి "శక్తి"కని ఇచ్చే డెక్సామెథాసోన్, బీటామెథాసోన్ వంటి స్టెరాయిడ్లు బీపీతో పాటు చక్కెరనూ పెంచుతాయి. నొప్పికి పారాసిటమాల్ వాడుకోవచ్చు, మోతాదు మించకుండా. మీ నాన్నగారు ఎలాంటి ఇంజెక్షన్లు ఎంత తరచుగా వేయించుకుంటున్నారో కనుక్కుని డాక్టరుకు చెప్పండి. ఆయన తనంతట తాను చెప్పరు. ఆర్‌ఎంపీ గారితో తగవు పెట్టుకోమని నేననను. అర్ధరాత్రి పిలిస్తే పలికే మనిషి ఆయనే. కానీ బీపీ మందు ఆపాలా వద్దా అన్నది ఆయన తీర్పు కాకూడదు. అలాగే ఎప్పుడైనా బీపీ బాగా పెరిగిందని నాలుక కింద నిఫెడిపిన్ గుళిక చిదిమి వేయబోతే వద్దనండి. ఒక్కసారిగా ఒత్తిడి పడిపోయి అదే పక్షవాతానికి దారితీయవచ్చు.

ఉప్పు గురించి మీ అమ్మగారితో మాట్లాడండి, ఎందుకంటే మన ఇళ్ళలో ఉప్పు హోటలు నుంచి కాదు, వంటింట్లోంచి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో మూత్ర పరీక్షల ద్వారా కొలిచిన అధ్యయనంలో మనిషి రోజుకు తొమ్మిది గ్రాములకు పైగా ఉప్పు తింటున్నట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, అన్ని వంటలకూ కలిపి. ఆవకాయ, గోంగూర పచ్చడి, చల్ల మిరపకాయలు, అప్పడాలు, వడియాలు, ఉప్పు చేప, ఎండు రొయ్యలు: వీటిలోనే చాలా వెళ్ళిపోతుంది. అన్నీ మానేయమంటే ఎవరూ వినరు. పెరుగన్నంలో, మజ్జిగలో ఉప్పు మానడం, అన్నం వండేటప్పుడు ఉప్పు వేయకపోవడం, ఊరగాయను రోజూ మూడు పూటలా కాక ఒక్కపూట వేలి చివర అంతకు కుదించడం మొదటి నెలకు చాలు. రెండు మూడు వారాల్లో నాలుక అలవాటుపడుతుంది. చెమట పట్టే పనికి ఉప్పు ఎక్కువ కావాలని మీ నాన్నగారు అంటారేమో. మామూలు భోజనంలో ఉన్నదే దానికి సరిపోతుంది, ఎండలో ఆయనకు కావలసింది నీళ్ళు.

సోడియం కొంత తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు మీద తెలంగాణలోని సిద్దిపేట జిల్లాలో ఏడు గ్రామాల్లో బీపీ ఉన్న 502 మందితో పరీక్ష జరిగింది. మూడు నెలల్లో పై అంకె మామూలు ఉప్పు తిన్నవారికంటే 4.6 మిల్లీమీటర్లు తగ్గింది. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21,000 మంది మీద ఐదేళ్ళు నడిపిన అధ్యయనంలో అలాంటి ఉప్పు వాడినవారిలో పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. ఇది నాకెంతో ఆశ కలిగించే పరిశోధన, ఎందుకంటే ఇందులో రుచిగానీ వంటగానీ మార్చుకోనక్కర్లేదు. కానీ మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్, స్పిరోనోలాక్టోన్ వంటి మందులు వాడేవారికి పొటాషియం ఒంట్లో పేరుకుని గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. అందుచేత మీ నాన్నగారి రక్తపరీక్ష అయ్యి డాక్టరు సరేనన్న తరువాతే దాన్ని కొనండి.

ఆ పరీక్షలంటే మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం, చక్కెర, కొలెస్ట్రాల్, మూత్రంలో ప్రొటీను, ఒక ఈసీజీ. చుట్ట, బీడీ, ఖైనీ ఉంటే మానిపించే ప్రయత్నం బీపీ మందుతో సమానంగా జరగాలి. 172 బీపీకి పొగాకు తోడైతే రక్తనాళాలపై దెబ్బ కూడికగా కాక హెచ్చింపుగా పడుతుంది. మద్యం సంగతి కూడా దాచకుండా చెప్పమనండి.

మీ బాబాయిగారి విషయానికి వస్తే, ఒకసారి పక్షవాతం వచ్చినవారికి మళ్ళీ వచ్చే ముప్పు ఎక్కువ, దాన్ని తగ్గించడంలో బీపీ అదుపుకు మించినది లేదు. 6,000 మందికి పైగా పక్షవాత రోగుల మీద జరిపి 2001లో ప్రచురించిన అధ్యయనంలో బీపీ మందులు రెండో పక్షవాతాన్ని 28 శాతం తగ్గించాయి. కాబట్టి ఆయన నాటు వైద్యానికి, తైలాలకు తిరుగుతున్నా సరే, ఆసుపత్రిలో రాసిన బీపీ మందు ఆపకుండా చూడండి. ఆ చేతికి, కాలికి వ్యాయామం చేయించడం కూడా ఇప్పుడు మొదలుపెట్టిందే ఎక్కువ ఫలితమిస్తుంది. మూతి ఒక పక్కకు లాగినా, ఒక చేయి లేవకపోయినా, మాట తడబడినా, ఇంట్లో ఎవరికైనా సరే, నీళ్ళు తాగించి పడుకోబెట్టి చూద్దామనుకోకుండా 108కి ఫోను చేసి, మెదడు స్కానింగు ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళమనాలి. గడ్డను కరిగించే ఇంజెక్షనుకు గడువు నాలుగున్నర గంటలే, అదీ లక్షణం మొదలైన క్షణం నుంచి. అందుకే ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకోండి. బీపీ 180/110 దాటి, దానితో ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, విపరీతమైన తలనొప్పి ఉన్నా అంతే తొందర. అంత అంకె ఉండీ ఏ లక్షణమూ లేకపోతే కంగారుపడి ఇంజెక్షన్లు వేయించకండి, ఆ రోజే డాక్టరును కలవండి.

నాన్నగారిని తీసుకువెళ్ళే రోజున మీ అమ్మగారిని కూడా వెంటబెట్టుకు వెళ్ళండి. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతివారికీ బీపీ, చక్కెర చూడడం ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల పనుల్లో భాగమే, దానికి రుసుము లేదు. మీ ఊరి ఆశా కార్యకర్తకు ముందురోజు చెబితే డాక్టరు గారు, మందులు రెండూ ఉండే రోజేదో ఆమె చెబుతుంది. శిబిరంలో ఇచ్చిన చీటీ, మిగిలిన మాత్రల అట్ట, నొప్పులకు వాడుతున్న మందుల అట్టలు అన్నీ ఒక సంచిలో పెట్టుకుని తీసుకువెళ్ళండి. బయటికి వచ్చే ముందు మళ్ళీ రావలసిన తేదీని చీటీ మీద రాయించుకోండి.